నందివర్ధనం పురుగు భూస్థాపన

నాకు కోపం వస్తే నోటికి అదుపుండదు. ఈ సంగతి ఈ బెంగాలీ మహానగరపు రేవు పేట గార్డెన్ రీచ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ముప్ఫై ఎనిమిది కుటుంబాలకూ తెలుసు. తెలిసి కూడా ఆ ఆదివారం కమిటీ మీటింగులో యేసురత్నం అన్నయ్య నన్ను కదిపాడు. కాబట్టి ఆ తర్వాత జరిగినదాంట్లో సగం పాపం ఆయనదే.

యేసురత్నం అన్నయ్య మా సంఘ పెద్ద. ఓడలు కట్టే యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు వెల్డింగు పని చేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇనుప రేకుల మోత మీద అరిచి అరిచి ఆ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఆయన మౌనంగా ప్రార్థన చేసుకున్నా మూడో వరసకు వినబడుతుంది.

"సండే స్కూలు ఇంక తెలుగులో ఒద్దు," అన్నాడు. "ఈస్టరు ఎళ్ళాక ఇంగ్లీషులో ఎట్టీద్దాం. గుంటలకి రాని బాస పట్టుకుని ఏల ఏలాడ్డం?"

ఆ తెలుగు సండే స్కూలు నాది. ఇరవై రెండేళ్ళుగా నాది. వారమంతా భవానీపూర్‌లో ఒక చీరల దుకాణం వెనక గదిలో కూర్చుని ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను. ఆదివారం ఒక్క పూట మాత్రం నేను టీచర్ని. ఆ పూట తీసేస్తే నాకు మిగిలేది కుట్టుమిషను. నాకు పిల్లల్లేరు. జాలి కోసం చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

"రాదని ఎవులన్నారు?" అన్నాను.

"నవంబరులో అందరం సూసినాం కదే."

నవంబరులో పిల్లల ఆదివారం నాడు నా ఆరుగురు పిల్లలూ తెలుగులో బైబిలు వచనాలు అప్పజెప్పాల్సి ఉంది. వాళ్ళకు తెలుగు అక్షరాలు రావు కనక ఇంగ్లీషు అక్షరాల్లో అరచేతుల మీద రాసుకొచ్చారు. ఆ సంగతి నాకు తెలియదు. కార్యక్రమానికి ముందు ఎవరో పుణ్యాత్ములు సమోసాలు పంచారు. తిన్నాక సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కోమన్నది నేనే. ఆరుగురూ వేదిక ఎక్కి, అరచేతులు తెరిచి చూసుకుని, నా వంక ఒకసారి చూసి, వరసగా దిగిపోయారు.

అది గుర్తు చేసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈస్టరు తెల్లారగట్ల సమాదుల తోటలో, నీ కళ్ళెదట, బతికున్న పునరుత్తానం సూపిత్తాను," అన్నాను. "నా గుంటలు దాన్ని తెలుగులో సెప్తారు. సెప్పలేకపోతే బడి మూసీ. నాను నోరెత్తను."

నేను నోరెత్తనన్నందుకే అందరూ ఆశ్చర్యపోయారు. మా పాస్టరు అయ్యగారు మాత్రం టీ గ్లాసు కింద పెట్టారు. గుంటూరు వైపు మనిషి, మా సంఘానికి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు.

"తబితమ్మా, బతికున్న పునరుత్థానం అంటే... కొంచెం వివరంగా చెబుతారా?" అన్నారు భయంభయంగా.

చెప్పాను. ప్రార్థనా మందిరం పక్కన ఒక నందివర్ధనం చెట్టుంది. ఇక్కడివాళ్ళు దాన్ని టగర్ అంటారు. అంతకు ముందు రోజే ఆ చెట్టు మీద జూలీకి ఒక ఆకుపచ్చటి పురుగు దొరికింది. జూలీ ఎవరో కాదు, యేసురత్నం అన్నయ్య మనవరాలే. పదేళ్ళది. పురుగు ఆకులు తింటుంది, గూట్లో చచ్చినట్టు పడుకుంటుంది, ఒకరోజు సీతాకోకచిలుకై లేస్తుంది. ఈస్టరుకు అంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? అది ఏ పురుగో, అందులోంచి ఏం వస్తుందో తెలిసినవాళ్ళను అడగాలని మాత్రం నాకు తోచలేదు. ఆకుపచ్చగా ఉంది కదా, సీతాకోకచిలుకే అనుకున్నాను. కుట్టుపనిలోనూ నేనింతే. ముందు కత్తిరిస్తాను, తర్వాత కొలుస్తాను.

అప్పటికి ఈస్టరు ఇంకా నాలుగు వారాలుంది.

పురుగును మా ఇంట్లో ఒక పెద్ద మిఠాయి డబ్బాలో పెట్టి, మూతకు చిల్లులు పొడిచాను. తెచ్చినప్పుడు అది చిటికెన వేలి గోరంత ఉంది. తోక మీద దారం ముక్కలాంటి సన్నటి నల్లకొమ్ము. ఆదివారం ప్రార్థనకు బతిమాలితే గాని రాని పిల్లలు, ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి ఆరుగురూ మా గుమ్మంలో ఉండేవారు. నేనూ తక్కువదాన్ని కాదు. ఒక నియమం పెట్టాను. తెలుగులో అడిగినవాళ్ళకే మూత తీస్తాను.

మొదటిరోజు పది నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి తొమ్మిదేళ్ళ రాబిన్ రెండు చేతులూ జోడించి, "ఆంటీ... మూత... తియ్," అన్నాడు. తీశాను. మిగతా అయిదుగురూ అది చూసి నేర్చుకున్నారు. ఆశ ఉంటే భాష దానంతటదే వస్తుందని ఇరవై రెండేళ్ళ తర్వాత అర్థమైంది నాకు.

ఆ పురుగు తినే తిండి చెప్పనలవి కాదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆకు నములుతున్న చప్పుడు వినబడేది. మూడు నాలుగు రోజులకోసారి కదలకుండా ఉండిపోయి, పాత చర్మం విడిచేసి, ఇంకాస్త పెద్దదయ్యేది. అలా విడిచినప్పుడల్లా దాని వేషం మారిపోయేది. నల్లటి పొడుగు కొమ్ము పోయి చివరికి పొట్టిగా, నారింజరంగులో, కిందికి వంగిన కొమ్ము వచ్చింది. కొమ్ము ఊడిపోయిందని రాబిన్ ఏడ్చాడు. ఒంటి పక్కన తెల్లటి చుక్కల గీత వచ్చింది. మెడ దగ్గర నల్లటి అంచుతో రెండు పెద్ద నీలం కళ్ళు వచ్చాయి. వేలు దగ్గరగా పెడితే తల లోపలికి ముడుచుకుని ఆ కళ్ళు ఉబ్బించి మమ్మల్ని భయపెట్టేది. అవి కళ్ళు కావని, ఒట్టి మచ్చలని, అసలు తల ఇంకా ముందు ఉందని మాకు తెలియడానికి వారం పట్టింది. అన్నాళ్ళూ రాబిన్ ఆ మచ్చల ముందే ఆకు పెట్టి తినమని బతిమాలాడు.

రెండు వారాలు తిరిగేసరికి అది నా మధ్యవేలంత అయింది. రెట్టలు మిరియాల గింజలంత. దానికోసం కోసి కోసి మందిరం పక్కన చెట్టు ఒకవైపు బోడిగుండైపోయింది. జూలీ వాళ్ళమ్మ మేరీరాణి మందిరంలో ప్రభువు బల్ల మీద పువ్వులు పెట్టే మనిషి. ఆమె చెట్టును చూసి నేరుగా మా ఇంటికి వచ్చింది.

"అత్తా, మట్టల ఆదివారానికి పువ్వులెక్కణ్ణించి తేమంటావు? నీ పురుగు మొగ్గలు కూడా తినేసినాది."

"పురుగుకి తెల్దు కదే అది మట్టల ఆదివారమని," అన్నాను.

మేరీరాణి డబ్బాలోకి వంగి చూసింది. పురుగు కళ్ళు ఉబ్బించింది. మేరీరాణి గుమ్మం దాకా వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గాని అసలు పని సాగడం లేదు. ఈస్టరు నాడు పిల్లలు చెప్పడానికి అందమైన అచ్చు తెలుగులో ఆరు వాక్యాలు రాశాను. 'ఇది గొంగళిపురుగు. ఇది పచ్చని ఆకులను భుజించును.' ఇలా. ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం. రోజూ అందరిచేతా అన్నీ పదిసార్లు చెప్పించేదాన్ని. భుజించును దగ్గరికి వచ్చేసరికి ప్రతివాడూ ఆగిపోయేవాడు. కానీ డబ్బా దగ్గర చేరితే మాత్రం, "ఒలే, సెయ్యి తియ్, నలిపేత్తావు!" "కళ్ళు కనబడ్డం నేదేటి?" "బేగి మూతెయ్, ఎళ్ళిపోతాది!" అని ఒకరినొకరు అదిలించుకునేవారు. అవన్నీ నేను తిట్టే తిట్లు. నేర్పిందొకటి, అంటిందొకటి. నాకు చాలా బాధ వేసింది.

ఈస్టరు ఇంకా పదమూడు రోజులుందనగా ఒక సోమవారం దుకాణం నుంచి వచ్చి డబ్బా మూత తీశాను. ముందురోజు దాకా ఆకుపచ్చగా నిగనిగలాడిన పురుగు బురదరంగుకు తిరిగింది. వీపు నల్లబడింది. ఆకు ముట్టలేదు. ఒళ్ళు కుంచించుకుపోయి డబ్బా మూల పడి ఉంది. వేలితో తాకాను. కదల్లేదు.

"సచ్చిపోనాది," అన్నాడు రాబిన్.

ఆ మాటకు జూలీ గోడవైపు తిరిగి నిలబడింది. నేను కుర్చీలో కూలబడ్డాను. పురుగు కోసం కాదు, నా బడి కోసం. నా కోసమే. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పిల్లలు నాకంటే ధైర్యవంతులు. రేవు పేటలో పెరిగిన పిల్లలు, ఎన్ని చావులు చూశారో వాళ్ళకే తెలియదు. భూస్థాపన ఎలా చెయ్యాలో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. జూలీ తెల్ల చేతిరుమాలు తెచ్చి పురుగును అందులో పడుకోబెట్టింది. పెరట్లో మట్టీ ఎండుటాకులూ ఉన్న ఖాళీ కుండీ ఒకటి ఉంటే ఇద్దరు వేళ్ళతో గొయ్యి తీశారు. రాబిన్ పాదిరిగారయ్యాడు. చేతిరుమాలు మళ్ళీ కావాలని జూలీ అంటే, పురుగును ఒక్కదాన్నే దించి, అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. ఆ తర్వాత సమాధి దగ్గర పాడే పాట అందుకున్నారు. నాలుగు చరణాలూ, తెలుగులో, ఒక్క అక్షరం తప్పు పోకుండా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళూ నేను నేర్పలేకపోయిన తెలుగు వీళ్ళకు శ్మశానంలో అంటింది.

బుధవారం దుకాణానికి నీహార్‌దా వచ్చాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య చీరలకు ఫాల్స్ కుట్టించే వంకతో వచ్చి, నా గదిలో టీ తాగి, గంటసేపు కబుర్లు చెప్పి పోతాడు. నా మొహం చూసి ఏమైందన్నాడు. ఫోనులో పురుగు ఫొటోలు చూపించాను. బెంగాలీ, హిందీ కలిపి ఆయన చెప్పినదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను.

"తోక మీద కొమ్ముంది చూశావా తబితాదీ? కొమ్ముంటే హాక్ మాత్ కుటుంబం. మెడ మీద నీలం కళ్ళు, పక్కన తెల్ల చుక్కల గీత, తిన్నది టగర్ ఆకు. ఇంక సందేహం లేదు. గన్నేరు హాక్ మాత్. శాస్త్రంలో డాఫ్నిస్ నీరై అంటారు."

"సీతాకోకచిలుక కాదా?"

"కాదు, కాదు. మాత్, అంటే చిమ్మెట. పగలు ఆకుల్లో నక్కి నిద్రపోతుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది."

"ఏదైతేనేం దాదా, అది చచ్చిపోయింది," అన్నాను. రంగు మారడం, పాదిరిగారు, పాట, పిడికెడు మన్ను, అన్నీ చెప్పాను.

నీహార్‌దా టీ గ్లాసు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. టీ తొణికి నేను పీకో చేస్తున్న చీర మీద పడింది. అయినా ఆగలేదు.

"ఎంత లోతులో పూడ్చారు?"

"రెండంగుళాలు. పైన ఎండుటాకులు."

"ఆరే బాబా! దానికి కావలసింది అదే! తిండి చాలించి నేలకు దిగే వేళకు ఆ పురుగు అలాగే రంగు మారుతుంది. చెట్టు దిగి, ఎండుటాకుల కింద దూరి, ఒంటి చుట్టూ గట్టి తొడుగు కట్టుకుని ప్యూపా అవుతుంది. మీరు దాన్ని పూడ్చలేదు తబితాదీ, పక్క వేసి పడుకోబెట్టారు."

ఆరోజు బస్సు ఎంత నెమ్మదిగా నడిచిందో చెప్పలేను. ఇంటికి వచ్చి, పిల్లలందరి ఎదుటా, దువ్వెన పళ్ళతో మట్టి పక్కకు తీశాను. పురుగు లేదు. దాని స్థానంలో గోధుమరంగులో, నున్నగా, పక్కన నల్లటి చుక్కలతో ఖర్జూరం పండంత ప్యూపా ఉంది. జూలీ ఆకు ఈనెతో తాకింది. తోక టక్కున అటూ ఇటూ ఆడింది. ఆరుగురూ పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"నాను ప్రార్దన సేసినాను కదా," అన్నాడు రాబిన్. పాదిరిగారి హోదా వాడు ఇంకా వదలలేదు.

ఈ వార్త జూలీ నోట యేసురత్నం అన్నయ్యకు చేరింది. మర్నాడే వచ్చాడు.

"సీతాకోకచిలుక అన్నావు. సిమ్మెటంట కదే! దేవుడి పనికి సిమ్మెటేటి? బైబిలు వాక్యంలో సిమ్మెట బట్టలు తింతాది. ఇంకేటీ సెయ్యదు."

"ఇది బట్టలు తినే జాతి కాదు. అయినా అన్నయ్యా, వాక్యంలో సీతాకోకచిలుక ఎక్కడున్నాది? సూపించు," అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ పెద్ద గొంతు తగ్గించి, అంటే వీధి చివరకు మాత్రమే వినబడేట్టు, అన్నాడు.

"బడి మూస్తే నాకు సరదా అనుకున్నావేటే? మా జూలీ నాతో ఒక్క ముక్క తెలుగు ఆడదు. నాను తెలుగులో అడిగితే హిందీలో జవాబు. వచ్చు దానికి, నాకు తెల్సు. ఆడదు. ఇష్టం నేని బాసలో దేవుడి మాట సెప్తే దేవుడు కూడా దానికి పరాయోడైపోతాడు. నాకెలాగూ అది పరాయిదైపోనాది."

టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు కళ్ళజోడు పెట్టుకుని బైబిల్లో సీతాకోకచిలుక కోసం ఆదినుంచి అంతందాకా వెతికాడని, దొరకలేదని మేరీరాణి చెప్పింది.

ఇక మిగిలింది రోజు కుదరడం. ఈ వేడికి పదకొండు పన్నెండు రోజులు పడుతుందని, వేడి పెరిగితే తొందరగా, చల్లబడితే ఆలస్యంగా లేస్తుందని నీహార్‌దా చెప్పాడు. బుధవారం నుంచి పదకొండో రోజు సరిగ్గా ఈస్టరు. నేను సంతోషపడుతుండగానే కాలబైశాఖి గాలివాన వచ్చి ఊరు చల్లబడింది. కుండీని వంటగదిలోకి మార్చాను. గుడ్ ఫ్రైడే ఆరాధన నుంచి వచ్చి చూస్తే ప్యూపా నల్లబడింది, లోపల రెక్కల చారలు కనబడుతున్నాయి. అంటే ఇంక ఒకటి రెండు రోజులే. శనివారమే లేస్తే ఎవరితో చెప్పుకోను? కుండీని కూలరు ముందు పెట్టాను. తడిగుడ్డ చుట్టాను. లేచాక ఎక్కి రెక్కలు ఆరబెట్టుకోవడానికి ఒక పుల్ల గుచ్చి, దుకాణంలో మిగిలిన జాకెట్టు నెట్టు గుడ్డ దాని మీద కప్పాను. శనివారమంతా దాన్ని, "కొంచెం ఆగు నాయనా, ఇంకొక్క రోజు," అని బతిమాలుతూనే ఉన్నాను.

ఈస్టరు నాడు తెల్లవారుజామున ఆటోలో కుండీని ఒళ్ళో పెట్టుకుని సమాధుల తోటకు చేరాను. ముందురోజే అందరూ వచ్చి సమాధులకు సున్నం వేశారు. ప్రతి రాతి మీదా కొవ్వొత్తులు, రజనీగంధలు, బంతిపూలు. చనిపోయినవాళ్ళ దగ్గర వాళ్ళవాళ్ళు నిలబడి పాటలు పాడుతున్నారు. తూర్పున తెలుపు వస్తుండగా అయ్యగారు వాక్యం చెప్పి, నా వంక తిరిగి, "ఇప్పుడు తబితమ్మగారు, పిల్లలు," అన్నారు.

ఆరుగురు పిల్లలూ వరసగా నిలబడ్డారు. నేను నెట్టు గుడ్డ తీసి గడ్డి మీద పెట్టాను. పుల్ల మీద ఏమీ లేదు. కంగారుగా మట్టి కదిపాను. ప్యూపా తొడుగు చేతికి వచ్చింది. తల దగ్గర చీలి ఉంది. లోపల ఖాళీ.

ఎప్పుడు లేచింది? ఎటు పోయింది? ముప్ఫై ఎనిమిది కుటుంబాలు నా వంకే చూస్తున్నాయి. మొదటి వాక్యం చెప్పాల్సిన రాబిన్ అది కాస్తా మర్చిపోయి, ఖాళీ తొడుగు చూసి, "ఇక్కడ నేదు," అన్నాడు మెల్లగా.

వెనక నుంచి ఎవరో ముసలమ్మ, "స్తోత్రం!" అంది. ఖాళీ సమాధి దగ్గర దేవదూత చెప్పిన మాట అదే మరి.

"ఏదే? ఏటి నేదు?" అంటూ యేసురత్నం అన్నయ్య కుండీలోకి చూడ్డానికి ముందుకు వచ్చాడు.

అప్పుడు వినబడింది ఆ కేక.

"ఒలే దాదూ! కాలు దించకు! దించినావంటే సంపేత్తాను! కళ్ళు కనబడ్డం నేదేటి? అగో, నీ కాలి కిందే కూకున్నాది! కదలకు! అలగే ఉండు! ఊపిరి కూడా మెల్లగ తియ్!"

జూలీ. తాతనే కాదు, మగవాళ్ళెవరినీ ఒలే అనకూడదని నేను ఎప్పుడూ చెప్పలేదు, అది నా తప్పే. యేసురత్నం అన్నయ్య కుడికాలు గాలిలో ఎత్తి, పక్కనున్న రాతి సిలువ పట్టుకుని, అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

జూలీ మోకాళ్ళ మీద వంగి నెట్టు గుడ్డ మడత మెల్లగా విప్పింది. అప్పుడు కనబడింది నాకు. అరచేతి వెడల్పున, ఆకుపచ్చటి రెక్కల మీద లేత గులాబీ, తెలుపు, ముదురాకుపచ్చ అలలు అలలుగా. గుడ్డ తీసేటప్పుడు నా వేళ్ళ పక్కనే ఉండి ఉంటుంది. ఆ మసక వెలుతురులో ఆకు అనుకున్నానేమో. ఇంత అందమైనదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. సీతాకోకచిలుక రానందుకు నాకున్న విచారం పోయింది.

రెక్కలు గజగజ వణకడం మొదలైంది.

"జొరం వచ్చినాదేటి?" అన్నాడు రాబిన్.

"కాదెహె. ఎగరాలంటే ఒళ్ళు ఎచ్చబడాల. నీహార్‌దాదూ సెప్పినాడని ఆంటీ సెప్పినాది కదా," అంది జూలీ.

"సూసిందెవులు ముందు? నానే!" "నువ్వు కొమ్ము సూసినావు. పురుగుని జూలీ సూసినాది." "అదేటీ కాదు, కొమ్ము ముందు నల్లగుండీది, తరవాత రంగు మారినాది." "నాలుగుపాల్లు సర్మం ఇప్పినాది." "సచ్చిపోనాదని పూడ్సినాం. అది సచ్చిపోనేదు, తొంగున్నాది!" "పూడ్సింది నాను!"

ఆరుగురూ ఒకేసారి, ఒకరి మీద ఒకరు పడి, గడ్డి మీద మోకాళ్ళూని దెబ్బలాడుకున్నారు. ఆ దెబ్బలాటలో ఆకు మీద దొరికిన రోజు నుంచి రెక్కలు వచ్చిన రోజు దాకా ఆ పురుగు బతుకంతా బయటికి వచ్చింది. నేను రాసిన ఆరు వాక్యాల్లో ఒక్కటీ లేదు. సంఘమంతా చుట్టూ చేరి వింటోంది. ఎవరూ ఆరాధన సంగతి ఎత్తలేదు. నేను బహిరంగంగా ఏడ్చాను, దాచుకోలేదు.

మాత్ ఒక్కసారి గుడ్డ మీద నుంచి లేచి, సమాధుల మీదుగా చక్కర్లు కొట్టి, నది వైపు వెళ్ళిపోయింది.

"మామయ్యా, కాలు దించండి. ఎగిరిపోనాది," అంది మేరీరాణి.

"జూలీ దించమన్లేదు కదే," అన్నాడు యేసురత్నం అన్నయ్య. మోకాలు వణుకుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. జూలీ చూసి, "దించు," అంది. అప్పుడు దించాడు.

నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. "నన్నిలగ తిట్టి ఎన్నాళ్ళయినాదో తెల్సా? మా ఊరు బారువలో మా అమ్మ తిట్టీది. ఆవిడ పోయి నలబై ఏళ్ళయినాది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "బడి ఉండనీయే. అచ్చరాలు నేర్పితే నేర్పు, నేకపోతే మాను. ఈ తిట్లు మాత్రం మాన్పీకు."

నోరెత్తనని మాట ఇచ్చింది బడి మూసేస్తేనే కదా, ఇప్పుడు ఎంతైనా ఎత్తవచ్చు. అయినా ముందు ఆ ఖాళీ తొడుగును కొంగున ముడేసుకున్నాను.

గేటు వైపు నడుస్తుంటే ఆయన జూలీ వెనకే పడ్డాడు. "ఇంకోపాలి తిట్టవే. ఒక్కపాలి."

జూలీ ఆగి, తల వంచుకుని, చెప్పు కొసతో మట్టి గీస్తూ నిలబడింది. "మళ్ళీ నవ్వుతావు," అంది. "సిన్నప్పుడు మొదటిపాలి మాటాడితే నవ్వినావు. అందరినీ పిలిసి, మళ్ళీ సెప్పమని, మళ్ళీ నవ్వినావు."

యేసురత్నం అన్నయ్య అక్కడే ఆగిపోయాడు. ఆయనకు గుర్తు లేదు, మొహం చూస్తే తెలుస్తోంది. ముద్దొచ్చి నవ్వి ఉంటాడు. ఆ నవ్వుకు ఈ పిల్ల ఇన్నేళ్ళు నోరు మూసుకుంది.

"నవ్వనే," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. "ఇంకెప్పుడూ నవ్వను. సెప్పు."

జూలీ ఆయన చెయ్యి పట్టుకుని, సమాధుల మధ్య నుంచి గేటు దాకా, తెలుగులో చెబుతూనే నడిచింది.